క్రిస్మస్‌కి ఇంట్లోనే ఈస్ట్ డోనట్స్: పిండి చేతికి అంటుకుంటోందని భయపడొద్దు

డిసెంబర్ వచ్చిందంటే మా గుంటూరులో రాత్రి తొమ్మిదింటికి ఏదో ఒక వీధి చివర గిటారు, డోలక్ వినబడుతూనే ఉంటాయి, చర్చి యూత్ పిల్లలు క్యారల్స్‌కి ఇంటింటికీ తిరుగుతుంటారు, ఇంకోపక్క సెమీ క్రిస్మస్‌లు, డాబా మీద స్టార్ కట్టడాలు, ఇంటికి సున్నాలు, ఒకటే హడావిడి. పిండివంటలంటారా, మా ఇంట్లో అరిసెలు, గులాబీ పువ్వులు, కజ్జికాయలు, జంతికలు తప్పనిసరి. ఏడేళ్ల నుంచి వాటి పక్కన డోనట్స్ కూడా చేరాయి, ఇప్పుడు క్యారల్స్ వాళ్లు మా ఇంటికొస్తే పాట అయిపోయాక ప్లేటు వైపే చూస్తారు.

చాలామంది అడిగారు ఎలా చేస్తావని. చెప్తే చేశారు కూడా, కానీ సగం మందికి గట్టిగా వచ్చాయి, "నీ కొలతలే వేశాం కదా" అన్నారు. ఒకరింటికి వెళ్లి పక్కన నిలబడి చూస్తే అప్పుడు అర్థమైంది, కొలతలు కరెక్టే, కలిపేటప్పుడు పిండి చేతికి అంటుకుంటోందని పొడిపిండి గుప్పెళ్లతో జల్లేస్తున్నారు. అక్కడే పోతోంది మొత్తం. మనం బొబ్బట్లకి పిండి ఎలా కలుపుతాం, జారుగా, చేతికి సాగేట్టు కలిపి నూనె పోసి నాననిస్తాం కదా, దాన్ని చపాతీ పిండిలా గట్టిగా కలిపితే బొబ్బట్టు ఏమవుతుందో మీకు తెలుసు. డోనట్ కూడా అంతేనండి. కాబట్టి ఈ మొత్తం రాతలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోమంటే అదే చెప్తాను, పొడిపిండి జల్లకండి, ఓపిగ్గా పిసకండి.

ముందు సరుకులు. మైదా అరకేజీ, అంటే అరకేజీ ప్యాకెట్ ఒకటి కట్ చేసి మొత్తం పోసేయడమే, కాటా లేకపోయినా పర్లేదు. ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్ 7 గ్రాములు, అది రెండుంపావు టీస్పూన్లు వస్తుంది. పంచదార 60 గ్రాములు, ఐదు టేబుల్ స్పూన్లు అనుకోండి. ఉప్పు ఒక టీస్పూను. పాలు 240 ఎమ్మెల్, ఒక గుడ్డు, ఇంకో గుడ్డులో పచ్చసొన మాత్రం. బటర్ 60 గ్రాములు, 100 గ్రాముల ప్యాకెట్లో సగం కన్నా కొంచెం ఎక్కువ. మామూలుగా మనకి దొరికే బటర్‌లో ఉప్పు ఉంటుంది, అందుకే ఉప్పు ఒక టీస్పూనే చెప్పాను, ఉప్పు లేని బటర్ అయితే ఇంకో పావు టీస్పూను వేయండి. వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను, లేదా నాలుగు యాలకులు దంచి వేసినా చాలు, నాకు యాలకులే ఇష్టం. వేయించడానికి నూనె ఒక లీటరు, వాసన లేని సన్‌ఫ్లవర్ గానీ రైస్ బ్రాన్ గానీ. వేరుశనగ నూనెతో చేస్తే డోనట్ తింటుంటే జంతికల వాసన వస్తుంది, అది వద్దు. ఈ కొలతకి 15, 16 డోనట్స్, వాటి మధ్యలోంచి వచ్చే చిన్న ఉండలు అన్నే వస్తాయి.

గుడ్డు తినని వాళ్లకి: గుడ్డు, సొన రెండూ తీసేసి నాలుగు టేబుల్ స్పూన్ల గట్టి పెరుగు వేయండి, పుల్లటిది కాకుండా కమ్మటి పెరుగు. మా పక్కింటి మామ్మగారు గుడ్డు ముట్టరు, ప్రతి సంక్రాంతికీ ఆవిడింటి నుంచి మాకు అరిసెలు, బొబ్బర్లతో గారెలు వస్తాయి, మరి క్రిస్మస్‌కి మనం పంపేది ఆవిడ తినేలా ఉండాలి కదా, అందుకని ముందు పెరుగు పిండితో చేసినవి కొత్త నూనెలో వేయించి పక్కన పెట్టేసి ఆ తర్వాతే గుడ్డు వేసినవి దింపుతాను. రుచిలో పెద్ద తేడా ఏం ఉండదు, గుడ్డు వేసినవి కొంచెం ఎర్రగా, కొంచెం గుల్లగా వస్తాయి, అంతే.

ఈస్ట్ గురించి కాస్త చెప్పాలి. కేకులకి వేసే బేకింగ్ పౌడరు, బజ్జీల్లో వేసే సోడా, ఈ ఈస్ట్ మూడూ వేరు వేరు. ఈస్ట్ ప్రాణం ఉన్నది, మన దోశెల పిండి పులిసినట్టే ఇదీ పిండిలో ఉన్న చక్కెర తిని గ్యాస్ వదులుతుంది, ఆ గ్యాస్ బయటికి పోకుండా మైదాలో సాగే గుణం పట్టుకుని బుడగలు బుడగలుగా ఆపుతుంది, అందుకే పొంగుతుంది. ప్రాణం ఉన్నదంటే చచ్చిపోయే వీలు కూడా ఉందని. నేను మొదటి ఏడాది సరిగ్గా 24వ తారీకు సాయంత్రం మొదలుపెట్టి, పాలు కాచి పొగలు పోతుండగానే హడావిడిగా ఈస్ట్‌లో పోసేశాను. గంట అయింది, రెండు గంటలైంది, పిండి ఎలా పెట్టింది అలాగే ఉంది, వేలు పెడితే రాయిలా. పిల్లలు మూత తీసి చూసి వెళ్తున్నారు. ఆ రాత్రి ఆ పిండితో ఇంకేం చేయలేక పడేసి ఆరాధనకి వెళ్లిపోయాం, చాలా బాధనిపించింది. 55, 60 డిగ్రీలు దాటితే ఈస్ట్ బతకదని తర్వాత తెలిసింది. మనకి కావాల్సింది 38 నుంచి 40, అంటే పసిపిల్లల స్నానానికి నీళ్లు ఎలా చూస్తామో అలా, చిటికెన వేలు పెట్టి పది లెక్కపెట్టేదాకా హాయిగా ఉంచగలగాలి.

ఈస్ట్ కొనేటప్పుడు డేట్ చూసుకోండి. చిన్న షాపులో అరల వెనక ఎప్పటి నుంచో పడున్న ప్యాకెట్ ఒకసారి తెచ్చి మోసపోయాను. పట్నం బజార్ వైపు గానీ, విజయవాడ వాళ్లైతే వన్ టౌన్‌లో గానీ బేకరీ సామాన్లు అమ్మే షాపులకి వెళ్తే సరుకు తొందరగా కదుల్తుంది కాబట్టి ఫ్రెష్‌గా దొరికే అవకాశం ఎక్కువ. ప్యాకెట్ విప్పాక గాలి పోని డబ్బాలో పోసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి, నెలల తరబడి ఉంటుంది. అనుమానంగా ఉంటే టెస్ట్ చేయడం తేలిక, అర కప్పు గోరువెచ్చటి పాలల్లో చెంచాడు పంచదార, ఈస్ట్ వేసి కలిపి పది నిమిషాలు వదిలేయండి, పైకి నురగ కట్టి తడి రొట్టె వాసన రావాలి. రాకపోతే ఆ ఈస్ట్ వదిలేయండి, మైదా పాడు చేసుకోవద్దు. యాక్టివ్ డ్రై ఈస్ట్ అని గింజలు కొంచెం లావుగా ఉండేది దొరికితే దానికి ఈ నానబెట్టడం ఎలాగూ తప్పదు.

పాలు ప్యాకెట్ పాలే అయినా ఒకసారి పొంగు రానిచ్చి చల్లార్చండి. పచ్చిపాలల్లో ఉండే కొన్ని ప్రొటీన్లు పిండి సాగే గుణాన్ని తగ్గిస్తాయి, కాస్తే ఆ ఇబ్బంది పోతుంది. మీగడ తీసేయక్కర్లేదు, అదీ మంచిదే.

ఇక కలపడం. పెద్ద బేసిన్‌లో మైదా, పంచదార, ఈస్ట్ వేసి చేత్తో కలపండి, ఉప్పు ఒక పక్కగా వేయండి, ఉప్పు నేరుగా ఈస్ట్ మీద కుప్పగా పడకపోతే మంచిది. మధ్యలో గుంట చేసి గుడ్డు, సొన, వెనిలా గానీ దంచిన యాలకులు గానీ వేసి గోరువెచ్చటి పాలు పోయండి, అయితే పాలు మొత్తం ఒకేసారి వద్దు, 220 దాకా పోసి మిగతా 20 పక్కన ఉంచండి. మైదాలో మైదాకి తేడా ఉంటుంది, ఒకటి ఎక్కువ తాగుతుంది, ఒకటి తక్కువ. పొడి ఎక్కడా కనబడకుండా అంతా కలిశాక మూతపెట్టి పదిహేను నిమిషాలు మీ పని చూసుకోండి. ఆ పదిహేను నిమిషాల్లో మైదా పాలని తాగి తనంతట తనే సగం సాగుతుంది, మీ చేతికి ఆ మేరకి కష్టం తగ్గుతుంది.

తర్వాత గట్టు శుభ్రంగా తుడిచి, పిండి దాని మీద వేసి పిసకడం. మొదటి ఐదు నిమిషాలు వేళ్లకి అంటుకుంటుంది, గట్టుకి అంటుకుంటుంది, గాజులకి కూడా అంటుకుంటుంది, గాజులు తీసి పెట్టుకోండి ముందే. ఇక్కడే అందరూ మైదా డబ్బా వైపు చెయ్యి చాస్తారు. చాచకండి. అరచేతి మడమతో ముందుకి తోసి, వేళ్లతో వెనక్కి లాగి మడత పెట్టి, కాస్త తిప్పి మళ్లీ తోయండి. గట్టుకి అంటుకున్నదాన్ని అట్లకాడతో గీకి మళ్లీ కలుపుకోండి. ఆరేడు నిమిషాలకి తేడా తెలుస్తుంది, పిండి గట్టుని వదిలి దానికదే ముద్దగా రావడం మొదలవుతుంది. అప్పుడు బటర్, ముందే బయట పెట్టి మెత్తబడనిచ్చింది, కరిగించింది కాదు, మూడు నాలుగు విడతలుగా చెంచాడు చెంచాడు రాసి కలపండి. బటర్ పడగానే పిండి మళ్లీ ముక్కలు ముక్కలుగా, జారుగా, చెడిపోయిందా అన్నట్టు అయిపోతుంది, ఏం కాలేదు, రెండు నిమిషాలు పిసికితే మింగేస్తుంది. మొత్తం మీద ఒక పావుగంట పని. చేతికి నొప్పి వస్తే రెండు నిమిషాలు ఆగండి, పిండి కూడా రెస్ట్ తీసుకుంటుంది, ఆగాక పిసికితే ఇంకా తేలిగ్గా సాగుతుంది.

అయిందని ఎలా తెలుస్తుందంటే, నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా నాలుగువైపులా లాగండి, ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి చూస్తే దాదాపు పూతరేకంత పల్చగా సాగి వెలుగు కనబడాలి, చిరగకూడదు. చిరిగితే ఇంకో మూడు నిమిషాలు. పిండి ముట్టుకుంటే చెవి తమ్మెలంత మెత్తగా, కొంచెం జిగురుగా ఉండాలి, వేలు తీస్తే వేలికి పిండి రాకూడదు, అంతే గుర్తు. బాగా బిగుతుగా అనిపిస్తే పక్కనుంచిన పాలు చెంచాడు తడి చేసి పిసకండి.

గిన్నెకి నూనె రాసి, పిండిని అందులో ఒకసారి దొర్లించి, తడిగుడ్డ కప్పి పెట్టండి. ఇప్పుడు ఎంతసేపు అన్న ప్రశ్న. బయట వీడియోల్లో గంట అంటారు, గంటన్నర అంటారు, వాళ్ల ఊరు వేరు మన ఊరు వేరు. గుంటూరు ఎండల్లో మే నెలలో చేస్తే ఇది నలభై నిమిషాల్లో గిన్నె దాటిపోతుంది, పుల్లగా కూడా అయిపోతుంది. డిసెంబర్లో పగలు ఎండ మంచిగా ఉంటుంది, ఆ వేడికి గంటా గంటంపావులో రెట్టింపు అవుతుంది, రాత్రి పూట చలిగా ఉంటే రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. గడియారం చూడకుండా గిన్నె చూడండి. నేను స్టీల్ గిన్నె బయట పెన్నుతో ఒక గీత పెడతాను ఎక్కడిదాకా ఉందో, అది రెట్టింపు అయ్యాక వేలికి మైదా అద్దుకుని మధ్యలో గుచ్చి తీస్తే గుంట అలాగే ఉండాలి. వెంటనే పూడిపోతే ఇంకా టైం ఉంది. బాగా చలిగా ఉంటే ఓ గిన్నెలో వేడినీళ్లు పెట్టి దానితో పాటు ఓవెన్‌లోనో, ఖాళీ అలమరలోనో మూసేయండి, స్టౌ పక్కన మాత్రం పెట్టకండి, ఒక పక్కే వేడెక్కి పాడవుతుంది.

పండగ రోజు పొద్దున తీరికుండదు కదా, తెల్లారకుండానే లేచి తలస్నానాలు, కొత్తబట్టలు, చర్చి. దానికి నేను చేసేది ఏంటంటే 24 సాయంత్రం పిండి కలిపేసి, ఓ అరగంట బయట ఉంచి, మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు అక్కడే నిదానంగా పొంగుతుంది. ఇలా చేసినదాని రుచే బాగుంటుంది నిజానికి, నెమ్మదిగా పులిసింది కాబట్టి మంచి కమ్మటి వాసన వస్తుంది, పైగా చల్లటి పిండి బటర్ గట్టిపడి ఒత్తడానికి, కట్ చేయడానికి ఎంతో తేలిక. చర్చి నుంచి వచ్చాక కట్ చేసి పెడితే మధ్యాహ్నం బిర్యానీ అయ్యే టైంకి వేయించడానికి రెడీ.

ఒత్తడం. పొంగిన పిండిని గుద్దకుండా నెమ్మదిగా అదిమి గాలి తీసి, గట్టు మీద పల్చగా, నిజంగా పల్చగా, చిటికెడు మైదా జల్లి చపాతీ కర్రతో అర అంగుళం మందంలో ఒత్తండి. చపాతీలా పల్చగా చేస్తే పొంగినా బిస్కెట్‌లా అవుతాయి. ఒత్తుతుంటే వెనక్కి ముడుచుకుంటే బలం పెట్టొద్దు, ఐదు నిమిషాలు గుడ్డ కప్పి ఆగితే మాట వింటుంది. కట్ చేయడానికి కటర్ కొనక్కర్లేదు, మంచినీళ్ల స్టీలు గ్లాసు, దాని నోరు మూడంగుళాలు ఉంటే చాలు, మధ్యలో చిల్లుకి వాటర్ బాటిల్ మూత. గ్లాసు అంచు మైదాలో ముంచి నిటారుగా నొక్కి తీసేయండి, గిరగిరా తిప్పకండి, తిప్పితే అంచులు అతుక్కుపోయి ఒక పక్కకి ఒరిగినట్టు పొంగుతాయి.

చిల్లు ఎందుకో గారెలు చేసే వాళ్లకి చెప్పక్కర్లేదు, మధ్యలో ఉడకాలని. అమెరికాలో హాన్సన్ గ్రెగరీ అనే ఓడ మనిషి 1847లో తన కుర్రతనంలో డోనట్‌కి మధ్యలో పిండి పచ్చిగా ఉంటోందని చిల్లు పెట్టానని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. చిల్లు లేకుండా చేసి లోపల జామ్ పెట్టేవి కూడా ఉన్నాయి, జర్మనీలో బెర్లినర్ అంటారు, డిసెంబర్ 31 రాత్రి వాళ్లకి అదే పండగ తిండి. మా గుంటూరుకి 1842లో వచ్చి లూథరన్ మిషన్ పెట్టిన ఫాదర్ హయ్యర్ అమెరికా నుంచి వచ్చినా పుట్టింది జర్మనీలోనే, అందుకేనేమో మా ఇంట్లో న్యూ ఇయర్ రాత్రికి ఆ జామ్ వాటిని చేస్తుంటే నాకు అదొక సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది ఎవరూ పెద్దగా చెప్పరు కానీ చాలా ముఖ్యం. బటర్ పేపర్‌ని నాలుగంగుళాల ముక్కలుగా కట్ చేసుకుని, ఒక్కో డోనట్‌ని ఒక్కో ముక్క మీద పెట్టండి. రెండోసారి పొంగాక డోనట్ బుడగలా ఉంటుంది, దాన్ని చేత్తో ఎత్తితే వేళ్లు దిగి గాలంతా పోయి చప్పబడిపోతుంది, నేను మూడేళ్లు అలాగే పోగొట్టుకున్నాను. పేపర్‌తో సహా ఎత్తి, పేపర్‌తో సహా నూనెలో వదిలేస్తే పది సెకన్లలో పేపర్ దానికదే ఊడొస్తుంది, పట్టకారుతో తీసేయొచ్చు. బటర్ పేపర్ లేకపోతే అరిటాకు ముక్కలకి నూనె రాసి వాడండి, బాగానే పనిచేస్తుంది, కాకపోతే ఆకు నూనెలో వేయకుండా డోనట్‌ని మెల్లగా జార్చాలి, ఆకు తడికి నూనె చిటపటలాడుతుంది.

గుడ్డ వదులుగా కప్పి 35 నుంచి 45 నిమిషాలు వదలండి, ఫ్రిజ్ పిండి అయితే గంటా గంటంపావు. పక్కన వేలితో మెల్లగా నొక్కితే గుంట నిదానంగా లేచి కొంచెం మిగలాలి. వెంటనే లేస్తే చాలలేదు, అసలు లేవకపోతే ఎక్కువైంది. ఎక్కువైనవి నూనెలో వేయగానే చప్పబడి నూనె పీలుస్తాయి, అందుకే ముందు కట్ చేసినవి ముందు వేయించండి, ఇంకా లేటయ్యేలా ఉంటే మిగతా పళ్లెం ఫ్రిజ్‌లోకి తోసేయండి.

నూనె. మూకుడు లోతుగా ఉండాలి, నూనె కనీసం రెండంగుళాలు. వేడి 175 డిగ్రీలు. థర్మామీటర్ ఉంటే మంచిదే, ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుంది, పదేళ్లు వస్తుంది. లేకపోతే చెక్క గరిటె కాడ నూనెలో నిలబెడితే దాని చుట్టూ చిన్న చిన్న బుడగలు ఆగకుండా రావాలి, అలాగే చిన్న పిండి ముక్క వేస్తే వెంటనే తేలి నిమిషానికి బంగారం రంగు రావాలి. ఇరవై సెకన్లకే ఎర్రబడిందంటే మంట ఎక్కువ, బయట నల్లగా, లోపల పచ్చిగా వస్తాయి. అడుగునే కూర్చుందంటే తక్కువ, నూనె తాగుతాయి. పూరీలకి పెట్టినంత వేడి దీనికి వద్దు, అరిసెలకి పెట్టే దానికి దగ్గరగా ఉంటుంది.

మూకుడులో మూడు కన్నా ఎక్కువ వేయొద్దు, ఎక్కువ వేస్తే నూనె చల్లబడిపోతుంది. పై పక్క కిందికి వచ్చేట్టు వేయండి. నిమిషం, నిమిషంపావు ఒక పక్క, ఒకేసారి తిప్పి ఇంకో పక్క, మాటిమాటికీ తిప్పకండి. బాగా పొంగిన డోనట్ నూనె మీద తేలుతుంది, దాంతో నడుం దగ్గర నూనె తగలని చోట చుట్టూ ఒక తెల్లటి గీత ఒడ్డాణంలా మిగులుతుంది. ఆ గీత కనబడితే మీరు గెలిచినట్టే, నేను ప్రతి వాయికీ ముందు అదే చూస్తాను, ఇప్పటికీ చూడగానే అంత ఆనందం. చిల్లుల గరిటెతో తీసి జల్లెడ మీద పెట్టండి, పేపర్ మీద పెడితే అడుగు చెమ్మగిల్లి మెత్తబడుతుంది. వాయి వాయికీ మధ్య అర నిమిషం ఆగి నూనె మళ్లీ కాగనివ్వండి. మొదట ఒకటే వేసి, తీసి, రెండుగా చీల్చి చూడండి, లోపల దారాలు దారాలుగా దూదిలా ఉంటే మిగతావి ధైర్యంగా వేసేయండి.

పైన పూతలు మీ ఇష్టం. అన్నిటికన్నా తేలిక, 100 గ్రాముల పంచదార పొడిలో టీస్పూను దాల్చినచెక్క పొడి కలిపి, డోనట్ పట్టుకునేంత వేడిగా ఉండగా దొర్లించడం. మరీ వేడిగా దొర్లిస్తే పంచదార కరిగి జిడ్డవుతుంది, చల్లారితే అంటదు.

తెల్ల గ్లేజ్‌కి ఐసింగ్ షుగర్ 200 గ్రాములు జల్లించి, మూడు టేబుల్ స్పూన్ల పాలు చుక్క చుక్కగా కలపండి, దోశెల పిండిలా జారుతూ స్పూను మీద పొర నిలవాలి. డోనట్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ముంచితే అద్దంలా పల్చటి పూత, పూర్తిగా చల్లారాక ముంచితే తెల్లగా మందంగా వస్తుంది. క్రిస్మస్ కదా, సగం గ్లేజ్‌లో రెండు చుక్కలు బీట్‌రూట్ రసం కలిపితే గులాబీ రంగు వస్తుంది, దాని మీద ఎర్రవి, పచ్చవి టూటీ ఫ్రూటీ ముక్కలు సన్నగా తరిగి జల్లితే పిల్లలకి పండగే. తడి ఆరకముందే జల్లాలి, ఐదు నిమిషాలాగితే నిలవవు.

మా ఇంట్లో మాత్రం ముందు ఖాళీ అయ్యేది బెల్లంవి. మా అత్తయ్య అరిసెల పాకం మిగిలితే ఒక డోనట్ దాన్లో ముంచి నువ్వుల్లో దొర్లించారు, అలా మొదలైంది అది. 150 గ్రాముల బెల్లం మూడు టేబుల్ స్పూన్ల నీళ్లతో కరిగించి, వడగట్టి ఇసక తీసేసి, లేత తీగపాకం రానిచ్చి దింపి, చెంచాడు నెయ్యి, యాలకుల పొడి వేయండి. ఒక పక్క ముంచి వేయించిన నువ్వులు జల్లడమే. పాకం చల్లారితే చిక్కబడుతుంది, చెంచాడు వేడినీళ్లు పోసి సిమ్‌లో కలిపితే సర్దుకుంటుంది. ఇది గ్లేజ్‌లా పూర్తిగా ఆరదు, కొంచెం జిగురుగానే ఉంటుంది, అందుకని వీటిని ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

జామ్‌వి కావాలంటే చిల్లు లేకుండా 50 గ్రాముల ఉండలు చేసి, కొంచెం అదిమి, అలాగే పొంగనిచ్చి, నూనె 165 దగ్గర పెట్టి ఒక్కో పక్క రెండు నిమిషాలు వేయించండి. చల్లారాక పక్క నుంచి కత్తి గుచ్చి కొంచెం ఖాళీ చేసి, పాల కవర్ కడిగి ఆరబెట్టి మూల కట్ చేసి దాంతో జామ్ గానీ కస్టర్డ్ గానీ ఎక్కించండి. వేడి మీద పెడితే జామ్ కారిపోతుంది.

ఏ రోజువి ఆ రోజే బాగుంటాయి. పళ్లేల్లో పెట్టి ఇరుగుపొరుగుకి పంపేవి పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి, వేడి మీద పెడితే ఆవిరికి చెమట పట్టి పైన పూత అంతా జారిపోతుంది. మర్నాటికి మిగిలితే పూత లేనివి మైక్రోవేవ్‌లో ఎనిమిది పది సెకన్లు పెడితే మళ్లీ మెత్తబడతాయి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, గట్టిపడిపోతాయి. కస్టర్డ్ పెట్టినవి మాత్రం నిలవ ఉంచకండి, అదే రోజు అయిపోవాలి.

మధ్యలోంచి వచ్చిన చిన్న ఉండలు ఉన్నాయి చూశారూ, వాటిని ఆఖర్న వేయించండి, పక్కకి ముప్పై సెకన్లు చాలు, నూనెలో అవి ఒక పక్కే తేలుతూ తిరగనని మొండికేస్తాయి కాబట్టి గరిటెతో కలుపుతూనే ఉండాలి. దాల్చినచెక్క పంచదారలో వేసి కుదిపి పేపర్ కప్పుల్లో ఐదారు చొప్పున పోసి గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టుకుంటాను, క్యారల్స్ పిల్లలు ముప్పై మంది ఒకేసారి వచ్చినా ప్రార్థన అవ్వగానే తలా ఒక కప్పు చేతికిచ్చి పంపొచ్చు, డోలక్ వాయించే అబ్బాయికి రెండు.